రాతిలో మిగిలిన కర్ర

తుర్కియే పశ్చిమ తీరంలో, ఇజ్మీర్ పట్టణానికి తూర్పున, కారాబెల్ అనే కనుమ దారి ఉంది. దారి పక్క కొండరాతి మీద నిలువెత్తు కంటే పెద్దదైన ఒక యోధుడి బొమ్మ చెక్కి ఉంటుంది. తల మీద కోసు టోపీ, ఒక చేతిలో బల్లెం, భుజాన విల్లు, ముఖం దగ్గర అరిగిపోయిన మూడు వరసల అక్షరాల గుర్తులు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఇలాంటి బొమ్మల గురించి రాస్తూ, ఇవి సెసోస్త్రిస్ అనే ఈజిప్టు రాజు దండెత్తి వచ్చినప్పుడు వదిలిన గుర్తులని తేల్చేశాడు. రెండువేల మూడువందల ఏళ్ళు ఆ మాటే చెలామణీ అయింది. 1879లో ఆర్చిబాల్డ్ సేస్ ఆ బొమ్మను దగ్గర నుంచి చూసి, ఆ గుర్తులు ఈజిప్టువి కావని, నడి అనటోలియాలో హిట్టైట్ల శిలల మీద కనిపించే లిపేనని గుర్తించాడు. మరో వందేళ్ళు దాటాక, 1998లో ప్రచురించిన అధ్యయనంలో డేవిడ్ హాకిన్స్ ఆ పేరును చదివాడు: మీరా దేశపు రాజు తర్కస్నావ. క్రీ.పూ. 13వ శతాబ్దంలో హిట్టైట్ చక్రవర్తికి లోబడి ఏలినవాడు. ఆ ఒక్క పేరుతో మట్టి పలకల మీద మాత్రమే తెలిసిన రాజ్యానికి పటం మీద చోటు దొరికింది. మీరా ఇక్కడుంటే, దాని ఉత్తరాన ఉందని పలకలు చెప్పే సేహా నదీ దేశం ఎక్కడుండాలో, దానికీ ఆవల ట్రాయ్‌గా భావిస్తున్న విలూసా ఎక్కడుండాలో వరసగా కుదురుకున్నాయి.

శిలాస్మారకానికి చరిత్రలో ఇంత విలువ ఎందుకంటే, అది చోటు మారదు. నాణెం వ్యాపారి మూటలో వెయ్యి మైళ్ళు పోతుంది, రాగిరేకు వారసుల చేతులు మారి ఎక్కడో పొలంలో తేలుతుంది. కొండ మాత్రం చెక్కిన చోటే ఉంటుంది. అయితే కారాబెల్ లాంటి విజయాలు మనకు ఒక అలవాటును కూడా అంటగట్టాయి. రాతిని తొలిచిన పని ఏది కనబడినా ముందు ఏ రాజుదని అడుగుతాం. కారాబెల్‌లో అది సరైన ప్రశ్నే, ఎందుకంటే అక్కడ రాజు తన బొమ్మ, తన పేరు తానే చెక్కించుకున్నాడు, అదీ దారిన పోయేవాళ్ళందరూ తలెత్తి చూసేలా. ఏలూరుకు ఉత్తరాన కామవరపుకోట మండలంలో, జీలకర్రగూడెం ఊరిని ఆనుకుని ఉన్న గుంటుపల్లి కొండ దగ్గరికి అదే ప్రశ్న పట్టుకుని పోతే మాత్రం దారి తప్పుతాం. ఆ కొండ రాజుల గురించి చెప్పేది తక్కువ. దిగువనున్న కర్రా మట్టీ లోకం గురించి, ఇప్పుడు జాడ లేకుండా పోయిన లోకం గురించి, చెప్పేది ఎక్కువ. ఈ అధ్యాయంలో నేను వాదించబోయేది అదే.

గుంటుపల్లిలో ఉన్నది ఒక్క గుహ కాదు. ఇసుకరాతి కొండ వాలులో తొలిచిన చిన్న చైత్యగృహం, దానికి కొంత దూరంలో భిక్షువులు ఉండేందుకు తొలిచిన విహారాలు, కొండ మీది చదునులో ఇటుకతోనూ రాతితోనూ కట్టిన స్తూపాలు, గుంపుగా చిన్న మొక్కుబడి స్తూపాలు, ఇటుక చైత్యం పునాదులు, స్తంభాల మండపం శిథిలాలు, తర్వాతి శతాబ్దాల బుద్ధ విగ్రహాలు, అన్నీ కలిసి ఒకే కొండ మీద ఏడెనిమిది వందల ఏళ్ళ జీవితం పరుచుకుని ఉంది. పర్యాటక ప్రచారంలో దీన్ని ఆంధ్ర అజంతా అంటుంటారు. ఆ పేరు దీనికి మేలు కన్నా కీడే చేసింది. రంగుల చిత్రాల కోసం వచ్చినవాళ్ళు గోడలు చూసి పెదవి విరిచి దిగిపోతారు. చూడాల్సింది గోడ కాదు, పైకప్పు.

చైత్యగృహం గుండ్రటి గది. అడ్డంగా కొలిస్తే దాదాపు 18 అడుగులు. నట్టనడుమ కొండరాయినే మిగిల్చి మలిచిన స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణకు సన్నటి దారి. తలెత్తితే గొడుగులా వంగిన కప్పు. ఆ కప్పుకు లోపలి వైపున గోడ అంచు నుంచి నడినెత్తి దాకా వంపు తిరిగిన రాతి వాసాలు వరసగా పాకి ఒకచోట కలుసుకుంటాయి, వాటిని అడ్డంగా కోస్తూ మరికొన్ని రాతి బద్దెలు. బయట ద్వారం మీద గుర్రపు లాడం ఆకారపు కమాను. ఆ కమాను కిందా వాసాల కొసలు ముందుకు పొడుచుకు వచ్చినట్టే చెక్కారు. ఇల్లు నేసే పనివాడెవడైనా చూస్తే ఏ ముక్క ఏ పని చేస్తుందో చెప్పగలడు: ఇది వాసం, ఇది పెండె, ఇది చూరు. కాకపోతే ఇక్కడ వీటిలో ఏదీ ఏ పనీ చెయ్యదు.

ఈ విషయాన్ని కాస్త నిదానంగా చూడాలి. తాటాకు కప్పులో వాసం బరువు మోస్తుంది. ఆకు బరువు, గాలి తోపు, వాన నీటి బరువు వాసం మీదుగా గోడకు, గోడ నుంచి నేలకు దిగుతాయి. ఒక వాసం పుచ్చితే ఆ మేర కప్పు కుంగుతుంది. కొండలో తొలిచిన గదికి ఈ లెక్క వర్తించదు. పైనున్న రాతి బరువు గది చుట్టూ ఉన్న రాతి ముద్దలోకి తనంతట తానే పక్కలకు మళ్ళి దిగిపోతుంది. గొడుగు వంపు అందుకు అనువైన ఆకారం. ఆ రాతి వాసాలన్నిటినీ ఉలితో చెక్కేసినా గది కూలదు. పైగా వాటిని మిగల్చడం అదనపు శ్రమ. గుహ పని కలిపి కట్టే పని కాదు, తీసేసే పని. వాసం ఉబ్బెత్తుగా నిలవాలంటే వాసానికీ వాసానికీ మధ్యనున్న రాయిని మరింత లోతుగా తియ్యాలి, అదీ తల పైకెత్తి, కళ్ళలో ఇసుక రాలుతుండగా. ఒక దెబ్బ ఎక్కువ పడితే మళ్ళీ అతికేది లేదు. అంటే మొదటి దెబ్బ వెయ్యక ముందే ఎన్ని వాసాలు, ఎంతెంత ఎడం, ఎక్కడ కలవాలి అన్నది పనివాడి బుర్రలో ఉండాలి. ఇంత నిష్ఠగా నకలు తీశాడంటే అసలు అతని కళ్ళెదుట నిత్యం ఉన్నదే అయి ఉండాలి. కర్రతో కట్టిన గుండ్రటి చైత్యాలు చాలా ఉండేవని, రాతి పనివాళ్ళు ఆ కర్ర పనిలోనే ఆరితేరారని, భక్తులకు కర్ర వాసాలు కనబడకపోతే అది పూజాగృహంగానే తోచేది కాదని ఈ పనికిరాని వాసాలు చెబుతున్నాయి.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. ఈ నమూనా ఇక్కడ పుట్టింది కాదు కదా అంటారు. బీహార్‌లోని బరాబర్ కొండల్లో, గట్టి నల్లరాతిలో, అశోకుడు తన పాలన 12వ ఏట ఆజీవకులకు ఇచ్చిన సుదామ గుహలో గుండ్రటి గది ఉంది, గొడుగు కప్పూ ఉంది. పక్కనే లోమశ ఋషి గుహ ద్వారం మీద ఇలాంటి కమానే, ఇంకా నాజూకైన చెక్కడంతో ఉంది. మహారాష్ట్రలో జున్నార్ దగ్గర తుల్జా లేణిలోనూ స్తూపం చుట్టూ గుండ్రటి గదే. కాబట్టి గుంటుపల్లి పనివాడు నకలు తీసింది కొల్లేటి గట్టున ఉన్న గుడిసెను కాదు, మగధ నుంచి భిక్షువులతో పాటు దిగుమతైన ఒక తయారు నమూనాను అన్నది వాదన.

ఈ అభ్యంతరంలో సగం నిజం. కోస్తా ఊళ్ళలో మొన్నటి దాకా కనిపించిన చుట్టిల్లుకూ ఈ గుహకూ నేరుగా చుట్టరికం కలపడం ముచ్చటైన ఆలోచనే గాని, నడుమ రెండువేల ఏళ్ళ ఖాళీ ఉంది, ఆ వంతెన ఎవరూ కట్టలేరు. నేనూ కట్టను. కానీ మిగతా సగం నిలవదు. బరాబర్‌లో సుదామ గది గొడుగు కప్పు అద్దంలా నునుపు. లోపలి వైపున వాసాలు లేవు. గుంటుపల్లి పనివాడు కేవలం బరాబర్ నమూనానే మక్కికి మక్కి దించి ఉంటే వాసాలను చెక్కే పనే లేదు. ఆ వివరాలు మరో గుహ నుంచి వచ్చినవి కావు, కర్ర కట్టడం నుంచి వచ్చినవే. ఆకారం ఉత్తరాది నుంచి నడిచి వచ్చి ఉండవచ్చు. దాన్ని ఇక్కడ కర్రతో, ఆకుతో కట్టిన చేతులు మాత్రం ఇక్కడివే అయి ఉంటాయి. భిక్షువులు ధర్మాన్ని మోసుకొచ్చారు సరే, దూలాలు మోసుకురాలేదు.

ఇక విహారాలు. చైత్యగృహం లెక్క తప్పని పని అయితే, విహారాలు అందుకు పూర్తిగా వేరు. గదులు ఒక కొలతకు లేవు. కొన్ని ఇరుకు, కొన్ని విశాలం. రాతిలో సహజంగా ఉన్న పగులు ఎటు పోతే తొలిచినవాళ్ళూ అటు మళ్ళారు. ద్వారాల మీది కమానులు మాత్రం శ్రద్ధగా ఉన్నాయి. ఇది ఒక్క ఆజ్ఞతో, ఒక్క ఖజానాతో, ఒక్క కొలతకర్రతో నడిచిన పనిలా లేదు. ఏడాదికో గది, దాత దొరికినప్పుడో గది అన్నట్టు సాగిన పని. వానాకాలం మూడు నెలలు భిక్షువులు తిరుగుడు మాని ఒకచోట నిలవాలన్నది సంఘ నియమం. ముందు ఆ మూడు నెలలకు తలదాచుకునే చోటు, తర్వాత ఏడాది పొడుగునా నివాసం. సంఘం పెరిగిన కొద్దీ గదులు పెరిగాయన్నది ఈ తీరుకు సరిపోయే వివరణ.

రాజు పేరు గుంటుపల్లిలోనూ ఉంది. దాని కథ కారాబెల్ కథకు దగ్గరగా వచ్చి పక్కకు తిరుగుతుంది. మండపం స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఒక దాన శాసనం దొరికింది. 1968లో ఆర్. సుబ్రహ్మణ్యం దాన్ని ఖారవేలుడి శాసనంగా ప్రకటించారు. శాసనంలో కళింగ, మహిషక దేశాల అధిపతి అనీ, మహామేఘవాహనుడనీ ఉంది. భువనేశ్వర్ దగ్గరి హాథీగుంఫా శాసనంలో ఖారవేలుడి బిరుదూ మహామేఘవాహనుడే. అంత పెద్ద పేరు గోదావరి జిల్లాలో దొరికిందంటే సంబరపడని వాళ్ళెవరు? తర్వాత డి.సి. సర్కార్ వంటి శాసన పండితులు అక్షరాలను మళ్ళీ పరిశీలించి అది ఖారవేలుడు కాదు, సిరి సద అని చదివారు. సద వంశపు రాజుల నాణేలు కోస్తాంధ్రలో దొరికాయి. గుంటూరు ప్రాంతంలోని వేల్పూరు శాసనంలో మానసదుడనే రాజు ఉన్నాడు. అన్నీ కలిపి చూస్తే, కళింగపు పాత బిరుదును మోస్తూ కృష్ణా గోదావరుల మధ్య ఏలిన ఒక స్థానిక రాజవంశం తేలింది. చరిత్రకు ఇది ఖారవేలుడి పేరు కన్నా ఎక్కువ లాభం. తెలిసిన మహారాజు పేరు ఇంకోచోట దొరకడం కంటే తెలియని వంశం ఒకటి నిలబడటం మేలు కదా.

కానీ ఆ శాసనంలో అసలు వాక్యం రాజుది కాదు. మండపం ఇచ్చినవాడు చులగోముడు. అతను ఆ రాజు దగ్గర లేఖకుడు, అంటే రాతకోతలు చూసే ఉద్యోగి. రాజు పేరు అతని హోదా చెప్పడానికి, కాలం తెలపడానికి వచ్చింది. కారాబెల్‌లో రాయి మీద నిలబడింది తర్కస్నావ. అతని బొమ్మ చెక్కిన శిల్పి పేరు లేదు. ఇక్కడ కచేరీలో గంటం పట్టిన మనిషి పేరు రాతికెక్కింది, రాజుగారు అతని విశేషణంగా మిగిలారు. ఇదే కొండ మీది మరో శాసనంలో మెట్లను దానంగా ఇచ్చినది మహానాగపర్వతంలో ఉండే ఒక థేరుడి శిష్యగణంలోని వ్యక్తి. ఒకరు మెట్లు, ఒకరు మండపం. కొండ ఇలా ముక్కలు ముక్కలుగా, ఎవరి తాహతుకు తగ్గట్టు వాళ్ళు ఇచ్చినదే.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. మొదటిది, రాజు అండ లేనిదే ఉద్యోగి మండపం ఎలా కడతాడని. అండ ఉండవచ్చు, అనుమతి తప్పకుండా ఉండి ఉంటుంది. కానీ అనుమతి వేరు, ఖర్చు వేరు. రాజు స్వయంగా ఇస్తే దాచుకునే రకం కాదని ఆ కాలపు శాసనాలన్నీ సాక్ష్యమిస్తాయి; హాథీగుంఫాలో ఖారవేలుడు ఏడాది ఏడాదికీ చేసిన పనులు పూసగుచ్చినట్టు రాయించుకున్నాడు. రెండవది మరింత బలమైనది. శైలిని బట్టి చైత్యగృహాన్ని సాధారణంగా క్రీ.పూ. 2వ శతాబ్దం ప్రాంతానిదిగా లెక్కిస్తారు. చులగోముడి మండపం ఆ తర్వాతది. తర్వాతి దాతల పేర్లు పట్టుకుని మొదటి గుహ ఎవరు తొలిపించారో చెప్పడం చెల్లదు కదా? చెల్లదు. అందుకే ఆ గుహ విషయంలో నేను శాసనాల మీద ఆధారపడటం లేదు. దాని పరిమాణమే చాలు. 18 అడుగుల గదిలో పట్టుమని పాతికమంది నిలబడలేరు. చక్రవర్తి ఘనత చాటడానికి తొలిపించే గుహ ఇంత ఇరుకుగా, కొండ వాలులో ఇంత మరుగున ఉండదు. హిట్టైట్ల రాజధాని హత్తూసా పక్కనున్న యాజిలికాయలో దేవతల ఊరేగింపు మధ్య తూధలియా అనే చక్రవర్తి తన బొమ్మను దేవతలతో సమానంగా, ఒకచోట వాళ్ళ కంటే పెద్దదిగా చెక్కించుకున్నాడు. గుంటుపల్లి చైత్యగృహంలో మనిషి బొమ్మే లేదు.

దాతలు ఎక్కడి నుంచి వచ్చారు? కొండ మీద పంట పండదు, భిక్ష కావాలంటే దిగువకు రావాలి. గుంటుపల్లి మెరక దక్షిణాన వాలుతూ పోతే పెదవేగి, దెందులూరు, ఏలూరు. ఆ తర్వాత కొల్లేటి బాడవలు. తూర్పుకు తిరిగితే తాడేపల్లిగూడెం వైపు గోదావరి ఒండ్రు భూములు. పెదవేగి తర్వాతి కాలంలో శాలంకాయనుల రాజధాని వేంగి. ఆ వంశపు నందివర్మ రాగిరేకులు కొల్లేటి ప్రాంతంలోనే దొరికాయి. తాడేపల్లిగూడెం దగ్గర అరుగొలనులో బౌద్ధ శిథిలాల దిబ్బలున్నాయి. దెందులూరులో భీమలింగదిబ్బ ఉంది. దిబ్బ, దిబ్బ, దిబ్బ. దిగువన మిగిలిందంతా దిబ్బలే. ఒండ్రు నేలలో రాయి దొరకదు. కట్టింది మట్టితో, కర్రతో, ఇటుకతో. కర్రను చెద తింటుంది, మట్టిగోడ వరదకు కరుగుతుంది, ఇటుకను తరవాతి వాళ్ళు తమ ఇంటి పునాదికి తవ్వుకుపోతారు. పాత ఊరి మట్టి చేనుకు బలమని పాటిమన్నును బళ్ళ మీద తోలుకోవడం ఈ జిల్లాల్లో తరతరాల వ్యవసాయం. వందేళ్ళ పాటిమన్ను తోలకంలో ఒక పట్టణం పొలాల్లో చల్లిపోతుంది. గుంటుపల్లి అలా పోలేదు, ఎందుకంటే అది రాయి, చేనుకు దూరం. దానికి తోడు చైత్యగృహంలోని స్తూపాన్ని చుట్టుపక్కల వాళ్ళు ధర్మలింగేశ్వరుడిగా కొలిచారు; పూజ ఉన్న చోట గునపం పడదు.

గణాంకశాస్త్రం తెలిసినవాళ్ళకు ఈ చిక్కు కొత్త కాదు. మిగిలినదాన్ని బట్టి ఉన్నదాన్ని అంచనా కడితే తప్పు వస్తుంది, మిగలడానికి కారణం ప్రాముఖ్యం కానప్పుడు మరీను. గుంటుపల్లి మిగిలింది గొప్పదై కాదు, గట్టిదై. దాన్ని ఈ ప్రాంతపు బౌద్ధానికి కేంద్రంగా చూపే పటాలు రాతికీ మట్టికీ ఉన్న తేడాను చరిత్రగా గీస్తున్నాయి. ఆ కాలంలో దిగువంతా చిత్తడి, సముద్రపు పాయ, మనుషులు ఉండదగిన నేల కాదు అని ఎవరైనా అనవచ్చు. కొల్లేరు పరిధి, తీరరేఖ ఇవాళ్టిలా లేవన్నది నిజమే. రెండు నదులూ మేట వేసుకుంటూ డెల్టాను సముద్రంలోకి జరుపుతూ వచ్చాయి. కానీ చిత్తడి పక్కన మనుషులు ఉండరనుకోవడం కొల్లేటి లంకలను చూడనివాళ్ళ మాట. చేప, వరి, తుంగ, పడవదారి ఉన్నచోట జనం నిలుస్తారు. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ తన భూగోళంలో మైసోలియా తీరాన్నీ, దాని రేవులనూ లెక్కపెట్టాడంటే ఆ రేవులకు సరుకు పంపే ఊళ్ళు వెనక ఉండి తీరాలి.

అయినా నా వాదన మొత్తం ఒక నకలు మీద నిలబడింది, అసలు చూపలేదని ఎవరైనా అంటే ఒప్పుకోవాల్సిందే. అసలు దొరికే వీలుందా? ఉంది. కర్ర కుళ్ళడానికి శిలీంధ్రాలూ సూక్ష్మజీవులూ కావాలి, వాటికి గాలి కావాలి. నీరు నిండిన జిగట మట్టిలో ప్రాణవాయువు చొరదు. అక్కడ కూరుకుపోయిన దుంగ వేల ఏళ్ళు నిలుస్తుంది. పాట్నాలో కుమ్రాహార్ దగ్గర 1912-13లో డి.బి. స్పూనర్ తవ్వినప్పుడు మౌర్యుల నాటి కర్ర వేదికలు బయటపడ్డాయి. దగ్గర్లోనే బులందీబాగ్‌లో నగరం చుట్టూ పాతిన దుంగల కోట వరసలు దొరికాయి. రెండిటినీ కాపాడింది చెమ్మ నేలే. అలాంటి నేల మన దగ్గర కొల్లేటి అంచుల్లో ఉంది.

అదే నేలను గత కొన్ని దశాబ్దాల్లో మనం తెగ తవ్వాం, కాకపోతే చేపల చెరువుల కోసం. 1999లో అయిదో కాంటూరు లోపలి కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట వేల ఎకరాల చెరువు గట్లు తెగ్గొట్టారు. తవ్వినప్పుడు గాని తెగ్గొట్టినప్పుడు గాని లోతు పొరల్లో ఏం తేలిందని చూసే పని ఆ యంత్రాల వెంట నడవలేదు. చెరువు తవ్వే పొక్లెయిన్ తొట్టెలో నల్లబడిన దుంగ ఒకటి వస్తే అది గట్టు మీద పడుతుంది, ఎండకు పగిలి పొయ్యిలోకి పోతుంది. కాంటూరుకు పైనున్న పట్టా భూముల్లో చెరువుల తవ్వకం ఇప్పటికీ మామూలే. పెదవేగి నుంచి కొల్లేటి దాకా తమ్మిలేరు వెంట కొన్ని చోట్ల సన్నటి గొట్టాలతో మట్టి పొరలు తీసి, అందులోని కర్ర ముక్కలకు కార్బన్ కాలనిర్ణయం చెయ్యడం పెద్ద ఖర్చు పని కాదు. క్రీ.పూ. 2వ, 1వ శతాబ్దాల పొరల్లో మనుషులు నరికిన కలప, ఊక, బొగ్గు కనబడితే గుంటుపల్లి కప్పు మీది వాసాలకు అసలు దొరికినట్టే. ఆ పొరల్లో తుంగ వేళ్ళూ చేపముళ్ళూ తప్ప ఏమీ లేకపోతే, దాతల ఊళ్ళను దిగువన కాక పడమటి మెరకల్లో, ఖమ్మం వైపు పోయే దారి వెంట వెతకాలి, ఈ అధ్యాయాన్ని నేను తిరగరాయాలి.